గోళ్ళరంగు వేసిన పన్నెండు స్క్రూలు

నా ఉద్యోగంలో అన్నిటికంటే ముందు నేర్పిన నియమం ఇది. ఏ పరికరం బల్ల మీదికి వచ్చినా, దాన్ని సరిచేసే ముందు, అది ఎలా ఉందో అలాగే కొలిచి రాయాలి. తప్పు చూపిస్తుంటే ఆ తప్పునే రాయాలి. స్క్రూడ్రైవర్ ఆ తర్వాత. మా ఫారంలో ఇందుకు రెండు నిలువు వరసలుంటాయి. ఇంగ్లీషులో ఉండే వాటి పేర్లకు నా తెలుగు 'వచ్చినప్పుడు', 'పంపినప్పుడు'.

దమ్మామ్‌లో ఒక కాలిబ్రేషన్ వర్క్‌షాప్‌లో పనిచేసిన ఐదేళ్ళలో ప్రెషర్ గేజీలకు, మల్టీమీటర్లకు, తూకం యంత్రాలకు ఇలాంటి ఫారాలు ఎన్ని నింపానో చెప్పలేను. వాటిలో ఒక్కటే నాతో తెచ్చుకున్నాను. దాని మీద కంపెనీ ముద్ర లేదు. పరికరం నంబరు రాసే చోట గీత కొట్టి ఉంది. 'వచ్చినప్పుడు' కింద పన్నెండు గడులుంటే నాలుగే నిండాయి. మిగిలిన ఎనిమిదీ ఎందుకు ఖాళీగా ఉన్నాయో చెప్పాలంటే ముందు మా స్టోర్ ఇన్‌చార్జి గురించి చెప్పాలి.

ఆయనది సుడాన్. అరవైకి దగ్గరపడ్డ వయసు. స్టోర్ తలుపు దాటేటప్పుడు తల వంచాల్సినంత పొడుగు. చెంపల మీద వాళ్ళ తెగ ఆచారంగా చిన్నప్పుడు కోసిన మూడేసి అడ్డగీతలు. హజ్ చేసి వచ్చాడు కాబట్టి వర్క్‌షాప్‌లో అందరం హాజీ అనే పిలిచేవాళ్ళం. ఆయన నన్ను 'బాష్ ముహందిస్' అనేవాడు. వాళ్ళ వైపు పెద్ద ఇంజినీరుకిచ్చే గౌరవం అది. నాది మూడేళ్ళ ఎలక్ట్రానిక్స్ డిప్లొమా. మొదటి నెలలో అది వేళాకోళమనుకున్నాను, మూడో నెలకి కాదని తెలిసింది. మా మధ్య నడిచింది సగం వర్క్‌షాప్ అరబ్బీ, సగం ఇంగ్లీషు. ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను.

మధ్యాహ్నం నమాజు తర్వాత భోజనానికి ఇచ్చే గంటలో హాజీ స్టోర్‌లో క్యాసెట్ పెట్టుకునేవాడు. అప్పటికి క్యాసెట్లు ఎక్కడా దొరకడం లేదు, ఆయన దగ్గర మాత్రం బూట్ల డబ్బా నిండా ఉండేవి. ఒకరోజు పార్టుల కోసం వెళ్ళి ఆ పాట విన్నాను. పాత ఎలక్ట్రానిక్ ఆర్గన్, ముక్కుతో పాడుతున్నట్టుండే సన్నటి నాదం. కింద చేత్తో వాయించే మట్టి డోలు. పైన ఒక ఆడగొంతు. పాట అంతా ఐదు స్వరాల్లోనే తిరుగుతోంది. ఇంకో స్వరం అవసరమే లేనట్టు హాయిగా తిరుగుతోంది. కానీ నా చెవి ఆర్గన్ దగ్గరే ఆగిపోయింది. మా ఊరి భజన మండలి హార్మోనియం ఎండాకాలంలో ఇలాగే మోగేది.

"హాజీ, ఈ ఆర్గన్ శ్రుతి సరిగ్గా లేదు" అన్నాను.

"ఎవరికి సరిగ్గా లేదు?" అన్నాడు ఆయన, టీ గ్లాసు నా వైపు జరుపుతూ.

మాట దాటేస్తున్నాడనుకుని టీ తాగేశాను. వాయిస్తున్నది తనే అని, పాడుతున్నది తన భార్య అని, ఇప్పటికీ ప్రతి శుక్రవారం ఇంట్లో వాయిస్తామని ఆ రోజే చెప్పాడు. శ్రుతి సంగతి మళ్ళీ ఎత్తలేదు.

సౌదీలో బయటి దేశాలవాళ్ళ కుటుంబాల మీద ఫీజు మొదలైన సంవత్సరం అది. ఇఖామా, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డు, రెన్యువల్ చేసేటప్పుడు ఇంట్లో ఉన్న ఒక్కో మనిషికీ ఏడాది మొత్తానిది ముందే కట్టాలి, వచ్చే ఏడాది అది పెరుగుతుందని ముందే చెప్పేశారు. ఖోబర్‌లో, దమ్మామ్‌లో ఏ వీధిలో చూసినా గేటు బయట సోఫాలు, మంచాలు, పిల్లల సైకిళ్ళు పెట్టి ఉండేవి, కావలసినవాళ్ళు పట్టుకుపొమ్మని. అదే ఏడాది నితాకత్ లెక్కలో మా కంపెనీ రంగు ఆకుపచ్చ నుంచి పసుపుకి పడింది. సౌదీవాళ్ళు తగినంతమంది లేరని దాని అర్థం. రంగు పడితే ఎవరి ఇఖామా ఎప్పుడు ఆగుతుందో ఆఫీసువాళ్ళకే తెలియదు. సెలవు మీద వెళ్ళినవాడు తిరిగి రాగలడన్న భరోసా పోయింది.

హాజీ ఇంట్లో నిర్ణయం అయిపోయింది. పిల్లల పరీక్షలు అవ్వగానే భార్య, ఇద్దరు కూతుళ్ళు ఫైనల్ ఎగ్జిట్ మీద, అంటే ఇక తిరిగి రాకుండా, ఇంటికి. పెద్దమ్మాయికి సంబంధం కుదిరింది, వాళ్ళు వెళ్ళిన రెండు నెలలకి అక్కడ పెళ్ళి. చిన్నమ్మాయి చదువు ఇంకా ఉంది కాబట్టి హాజీ ఇక్కడే ఉండాలి. పెళ్ళికి వెళ్తే ఉద్యోగం ఉంటుందో ఉండదో తెలియదు.

"పెళ్ళికి నేను ఉండను. నా వాయిద్యమైనా ఉండాలి" అన్నాడు ఒక మధ్యాహ్నం, గ్లాసులు కడుగుతూ. "వాళ్ళమ్మ పాటలు ఏడు ఉన్నాయి, పెళ్ళికూతుర్ని చేసేటప్పుడు పాడేవి. ఆమె పాడాలి, నేను వాయించాలి, రికార్డు చేసి పంపాలి. పెట్టె మాత్రం రెండు వారాలుగా పలకడం లేదు. గుయ్యిమంటోంది, అంతే."

"నేను చూస్తాను హాజీ" అన్నాను. వాళ్ళ విమానానికి నెల కూడా లేదు, సరిగ్గా నాలుగు శుక్రవారాలు.

ఆర్గన్‌ని వర్క్‌షాప్‌కి తెచ్చింది నా గదిలో ఉండే అన్న. జగిత్యాల వైపు మనిషి, ఏసీ డక్టుల పని, చేతిలో కంపెనీ పికప్ ఉండేది. ఇద్దరం పట్టుకుంటే గానీ లేవలేదు. దించాక నడుము పట్టుకుని దాని వైపు చూశాడు.

"గిది పెట్టెనా, శవపేటికనా తమ్మీ? దీన్ల ఎవలన్న పండుకున్నరా?"

మూత తీస్తే అన్న మాట పూర్తిగా అబద్ధం కాదనిపించింది. ట్రాన్సిస్టర్లు కొత్తగా వచ్చిన రోజుల నాటి యంత్రం. పవర్ సప్లైలో రెండు పెద్ద కెపాసిటర్లు ఎండి, ఉబ్బి ఉన్నాయి. గుయ్యిమనడానికి అదే కారణం. అవి మార్చాను, వదిలేసిన అతుకులు నాలుగు మళ్ళీ సోల్డర్ చేశాను, ఆర్గన్ పలికింది. అక్కడితో ఆగి మూత బిగించి ఉంటే ఈ కథ లేదు.

లోపల ఒక వరసలో పన్నెండు చిన్న బోర్డులున్నాయి, ఒక్కో స్వరానికి ఒకటి. ఒక్కో బోర్డు మీద ఒక తీగచుట్ట, దాని మధ్యలో నల్లటి కడ్డీ. కడ్డీని స్క్రూలా తిప్పితే స్వరం పైకో కిందికో జరుగుతుంది. దాని కింది స్థాయిలన్నీ దాన్నే సగాలు చేసుకుంటూ పోతాయి. ఎంత అందమైన ఏర్పాటంటే, చేసినవాడికి మనసులో దణ్ణం పెట్టుకున్నాను. కానీ పన్నెండు స్క్రూల నెత్తిన ఎర్రగా ఏదో గడ్డకట్టి ఉంది. అమరిక కదలకుండా ఫ్యాక్టరీలో రంగు చుక్క వేస్తారని తెలుసు. ఇది ఫ్యాక్టరీ చుక్కలా లేదు. చేతికొచ్చినట్టు పూసినట్టుంది, కింద పాత పసుపురంగు చుక్క పగిలి ఉంది. ఎవరో కెలికారు, నా లెక్క అంతే.

స్వరం సెకనుకి ఎన్నిసార్లు కంపిస్తుందో అంకెల్లో చూపే ఫ్రీక్వెన్సీ కౌంటర్ తగిలించాను. మొదటి స్వరం తప్పు. రాశాను. రెండోది తప్పు, ఇంకో దిశలో. రాశాను. మూడు, నాలుగు కూడా రాశాను. ఐదోది కూడా తప్పని చూశాక, ఇక అన్నీ తప్పే అయినప్పుడు రాసి ఏం లాభం అనుకున్నాను. దూది థిన్నర్‌లో ముంచి పన్నెండు స్క్రూలూ తళతళలాడేలా తుడిచాను. ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్‌తో ఒక్కోటీ లోకమంతా ఒప్పుకున్న లెక్కకి తెచ్చాను. 'పంపినప్పుడు' వరసలో పన్నెండు గడులూ నిండాయి, అన్నిటి పక్కన టిక్కులు. ఆ రోజు నా పని చూసి నాకే ముచ్చటేసింది.

మొదటి శుక్రవారం జుమా అయ్యాక అన్న, నేను ఆర్గన్‌ని హాజీ ఇంటికి చేర్చాం. అప్పటికే సగం సామాను అట్టపెట్టెల్లోకి వెళ్ళింది. ఖాలా వంటగదిలో ఉంది. హాజీ భార్యని నేను ఖాలా అనేవాణ్ణి, పిన్ని అని అర్థం, అక్కడి మాట, మన హైదరాబాద్ వైపు కూడా తెలిసిన మాట. హాజీ కుర్చీ లాక్కుని కూర్చుని కుడిచేత్తో ఐదు మెట్లు వరసగా నొక్కాడు. ఆగాడు. మళ్ళీ అవే ఐదు, నెమ్మదిగా.

వంటగదిలోంచి ఖాలా గొంతు వచ్చింది. "ఎవరి పెట్టె అది?"

"మనదే."

"మనది కాదు. మార్చి ఇచ్చినట్టున్నారు, చూడు."

హాజీ లేచి మూత ఎత్తాడు. స్క్రూల వరస మీద కాసేపు చూపు నిలిపాడు. "ఎర్రరంగు ఏమైంది?"

"మురికి అనుకుని తుడిచాను హాజీ. స్క్రూలు తప్పుగా ఉన్నాయి. ప్రమాణానికి తెచ్చాను."

"అన్నీనా?"

"పన్నెండూ."

ఆయన తల ఊపాడు. "చాలా శుభ్రంగా చేశావు, బాష్ ముహందిస్."

ఆ మాటలో వెటకారం ఉందేమో అని వెతికాను, లేదు. ఉంటే బాగుండేది.

భోజనానికి కూర్చోబెట్టారు. ఒకే పెద్ద పళ్ళెం, పల్చటి జొన్న అట్లు, మధ్యలో ఎండు బెండకాయల పొడితో చేసిన జిగురు కూర. అందరి చేతులూ ఒకే పళ్ళెంలోకి. ఆ పళ్ళెం దగ్గరే హాజీ ఆర్గన్ కథ చెప్పాడు. నా మనసు నొచ్చుకోకూడదన్నంత నెమ్మదిగా చెప్పాడు, తప్పు తనదైనట్టు.

ఆయన కుర్రతనంలో ఖార్తూమ్ పెళ్ళిళ్ళలోకి కొత్తగా ఎలక్ట్రిక్ ఆర్గన్లు వచ్చాయి. అంతకు ముందు తంబూర్ ఉండేది. పేరు మన తంబూరాకి దగ్గరే, వస్తువు వేరు. గిన్నె మీద బిగించిన తోలు, రెండు నిలువు కర్రలు, ఒక అడ్డకర్ర, ఐదు తీగలు. హాజీ మేనమామ దాన్ని వాయించేవాడు. ఆర్గన్ పెట్టుకుంటే జనం ఎగబడి వచ్చేవాళ్ళు, కానీ పాడేవాళ్ళు మాత్రం ఇది నోట్లో ఇమడదు అనేవాళ్ళట. హాజీ అప్పుడు రైల్వే షెడ్డులో ఎలక్ట్రికల్ పని నేర్చుకుంటున్నాడు. ఒక పెళ్ళి బృందం అమ్మేసిన ఆర్గన్ కొని, మూత తీసి, పన్నెండు స్క్రూలు చూశాడు. పాత టూత్‌బ్రష్ పిడిని అరగదీసి పనిముట్టు చేసుకున్నాడు. నల్లమెట్లు ఐదుంటాయి, వాటిని మేనమామ ఐదు తీగలకి కలిపాడు. తెల్లమెట్లు ఏడు. పెళ్ళయ్యాక వాటిలో ఐదింటిని భార్య పాటలకి కలిపాడు. మిగిలిన రెండూ అటూ ఇటూ కాకుండా ఉండిపోయాయి. కదలకుండా పన్నెండింటి మీదా ఆమె గోళ్ళరంగు వేశాడు. ఓడలో ఎర్రసముద్రం దాటి, లారీలో ఎడారి దాటి దమ్మామ్ వచ్చినా ఆ చుక్కలు పగల్లేదు.

"మీ మేనమామ ఉన్నారా?" అని అడిగాను.

"లేడు. తంబూర్ కూడా లేదు." పళ్ళెంలో మెత్తటి ముక్క నా వైపు జరిపాడు. "తిను."

ఆ వారం నేను ఫారాన్ని ముందు పెట్టుకుని, శ్రుతి వెనక్కి తెచ్చే దారులు రాసుకున్నాను. ఒకటి, నేను రాసిన నాలుగు అంకెలు. అవి పవర్ సప్లై జబ్బుతో ఉన్నప్పుడు తీసినవి కావు, అదొక్కటే ధైర్యం. కానీ నాలుగులో రెండు నల్లమెట్లు, ఒకటి వాడకుండా వదిలేసినది. ఆమె పాటలకి పనికొచ్చేది ఒక్కటే. రెండు, క్యాసెట్లు. రెండో శుక్రవారం స్టోర్‌లోని ప్లేయర్, హాజీ ఇంట్లోని ప్లేయర్ పక్కపక్కన పెట్టి ఒకే పాట కొలిచాను. రెండూ రెండు లెక్కలు చెప్పాయి, బెల్టులు సాగిపోయి. రికార్డు చేసిన మిషన్ అసలు ఏ వేగంతో తిరిగిందో ఎవరికి తెలుసు. మూడు, హాజీ చెవి. ఆయన గంటసేపు టూత్‌బ్రష్ పిడితో ఒక్కో స్క్రూ తిప్పి చూశాడు. చివరికి పిడి కింద పెట్టేశాడు.

"ఇన్నేళ్ళూ ఈ పెట్టెనే విన్నాను. నా చెవి దీంట్లోనే పెట్టుకున్నాను. ఇప్పుడు వెతికితే నీ స్వరాలే వినిపిస్తున్నాయి" అన్నాడు. "వదిలెయ్. ఆమె ఒక్కతే పాడుతుంది. రికార్డు చేసి పంపుదాం."

ఆయన వదిలెయ్ అన్నాడు గానీ, నేనెలా వదిలేస్తాను. కూతురి పెళ్ళిలో ఆయన వంతు ఆ పెట్టే. నేను ఒక మధ్యాహ్నం భోజనం మానేసి దాన్ని ఖాళీ చేశాను.

గదికి వచ్చి మంచం మీద కూర్చుంటే అన్న చపాతీ పిండి కలుపుతూ అడిగాడు.

"ఏంది తమ్మీ, మొఖం గట్ల వెట్టినవ్? ముసలాయన తిట్టిండా?"

"తిట్టలేదే. తిడితె అయిపోతుండె."

మొత్తం చెప్పాను. కౌంటర్, క్యాసెట్, సాగిన బెల్టులు, అన్నీ. అన్న పిండి కలుపుడు ఆపలేదు.

"నేను మా ఊర్ల డప్పు కొట్టినోన్ని, ఎరికేనా నీకు?"

"చెప్పినవ్ గదా, వందసార్లు."

"వందొకటోసారి ఇను. డప్పును మంటకు కాపుతం. ఎంత కాపాలె? మీటరు వెట్టి సూస్తమా? కాపుడు, కొట్టుడు, పక్కపొంటి పాడేటాయన మొకం సూసుడు. ఆయన తలకాయ ఊపిండంటే అయిపోయినట్టే. వానకాలం ఒక తీరు, ఎండకాలం ఒక తీరు. నిన్నటి కాపుడు ఇయ్యాలకు పనికి రాదు." పిండి ముద్ద మీద ఒక దెబ్బ వేశాడు. "నువ్వు మిషన్లను అడిగినవ్, క్యాసెట్లను అడిగినవ్, ముసలాయన్ను అడిగినవ్. పాడేటామెను అడిగినవా?"

అడగలేదు. నా మూడు దారుల్లో ఆమె లేదు.

మూడో శుక్రవారం వెళ్ళేసరికి ఖాలా అట్టపెట్టెలకి టేపు వేస్తోంది. ఈసారి ఆమె గొంతుకే స్వరాలు కలుపుదామని నేనన్నది హాజీ ఆమెకు చెప్పాడు. ఆమె టేపు కింద పెట్టి, తల మీది తోబ్ సర్దుకుని, గోడకి ఆనుకుని నేల మీద కూర్చుంది. తోబ్ అంటే అక్కడి ఆడవాళ్ళు ఒళ్ళంతా చుట్టుకునే పొడవాటి వస్త్రం.

"పెట్టెని పలకనివ్వద్దు. ముందు నేను పాడతాను" అంది.

పాడింది. నేను క్యాసెట్లో విన్న పాటే, కానీ కిందుగా, తీరిగ్గా. మొదటి చరణం చివర ఒక స్వరం మీద ఆగి హాజీ వైపు చూసింది. ఆయన మెట్టు నొక్కి స్క్రూ తిప్పడం మొదలుపెట్టాడు. స్వరం పైకి పోతోంది.

"ఎక్కడికి పోతున్నావు?" అంది ఆమె.

"నువ్వుండే చోటికి."

"నేను అక్కడ లేను. కిందికి రా."

ఆయన చెయ్యి ఆగింది. "ఎప్పుడూ ఇక్కడే కదా పాడేది."

"ఆ పెట్టె విన్నది నేను పెళ్ళికూతురిగా వచ్చినప్పటి గొంతు. ఇద్దరు పిల్లలు పుట్టారు, గొంతు దిగింది. ఎన్నో ఏళ్ళుగా ప్రతి శుక్రవారం ఆ మెట్టు అందుకోవడానికి మడమలెత్తి నిలబడ్డట్టు పాడుతున్నాను."

"ఒక్కసారైనా చెప్పలేదే."

"నా నెయిల్ పాలిష్ పెట్టి మరీ బిగించావు. దాన్ని పగలగొట్టమని నా నోటితో ఎలా చెప్పేది?"

కూతుళ్ళిద్దరూ అట్టపెట్టెల వెనక నవ్వు ఆపుకుంటున్నారు. హాజీ టూత్‌బ్రష్ పిడిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు, అది కొత్త వస్తువైనట్టు. తర్వాత నా వైపు చూశాడు.

"ఇతను తుడవకపోతే నేను ముసలివాణ్ణయ్యేదాకా తెలిసేది కాదు."

"ఇప్పుడేం చిన్నవాడివా?" అంది ఖాలా. "తిప్పు."

అయిదు స్వరాలు కలపడానికి మధ్యాహ్నం మొత్తం పట్టింది. ఆమె పాడడం, ఆయన తిప్పడం, ఆమె కనుబొమ్మ ఎత్తడం, ఆయన వెనక్కి తిప్పడం. నేను ప్రతిదాన్నీ కౌంటర్ మీద చూసి ఫారం మీద రాశాను. మా ఫారంలో ఇంకో గడి ఉంటుంది, ఏ ప్రమాణంతో పోల్చి సరిచేశామో రాసేది. అది ఖాళీగా ఉంటే ఫారం చెల్లదు. అందులో 'పాడిన మనిషి' అని రాశాను. ఉద్యోగ ధర్మం ప్రకారం అదే నిజం. చివర్లో పెద్దమ్మాయి తన సీసా తెచ్చింది, ఊదారంగు. ఆ ఐదు స్క్రూల మీద ఖాలా తనే చుక్కలు పెట్టింది. నల్లమెట్ల ఐదు స్క్రూల దగ్గర బ్రష్ ఆపి హాజీని చూసింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. వాటికి పాడేవాళ్ళు ఎవరూ లేరు. అవి నేను పెట్టిన లెక్కలోనే ఉండిపోయాయి.

నాలుగో శుక్రవారం రికార్డింగ్. నా లాప్‌టాప్, అరువు తెచ్చిన మైకు. చప్పుడు చేసేవాటి జాబితా ముందే రాసుకున్నాను: ఏసీ, ఫ్రిజ్, బాత్రూమ్ ఫ్యాను, పక్కింటి నీళ్ళ మోటారు, చిన్నమ్మాయి ఫోను. మోటారు తప్ప అన్నీ ఆపించాను. జూన్ ఎండలో ఏసీ ఆపిన గది ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఖాలా మట్టి డోలు తీసి చర్మం మీద వేలితో తట్టి పెదవి విరిచింది. ఏసీ గదిలో ఉండి మెత్తబడింది. స్టవ్ అప్పటికే అమ్మేశారు. అన్న ముందుకొచ్చి, చెయ్యి చాచి డోలు అడిగాడు. బయటికి తీసుకెళ్ళి పికప్ బానెట్ మీద బోర్లించాడు. పది నిమిషాలకోసారి తట్టి చూస్తూ ఎండలోనే నిలబడ్డాడు. తెచ్చి ఇచ్చాక ఖాలా ఒక దెబ్బ వేసి అన్న మొఖం చూసింది. అన్న తల ఊపాడు. ఆమె ఇంకో దెబ్బ వేసి తనూ ఊపింది. ఇద్దరికీ కలిసే భాష ఒక్కటీ లేదు.

"ఇతనికి తెలుసు" అంది ఆమె హాజీతో, ఇక్కడున్న మిగతావాళ్ళకి తెలియదన్నట్టు. రెండు పాటల తర్వాత అన్నకి ఇరవై లీటర్ల ఖాళీ నీళ్ళ క్యాను ఇచ్చి పక్కన కూర్చోబెట్టింది. ఒకచోట అతని దెబ్బ తప్పితే మోచేత్తో పొడిచింది.

"గీమె అచ్చం మా మేనత్త లెక్కనే ఉన్నది తమ్మీ" అన్నాడు అన్న నాతో, గొంతు తగ్గించి. "తప్పుతె తప్పించుకునుడు లేదు."

ఐదో పాటలో హాజీ పొరబడ్డాడు. ఆ పాట చరణం చివర ఆయన చెయ్యి ఎప్పుడూ ఒక నల్లమెట్టు మీదికి వెళ్ళి వచ్చేదట, మేనమామ తీగ ఒకటి పలకరించినట్టు. అలవాటుగా వేలు అక్కడికే పోయింది. మోగింది మేనమామ తీగ కాదు, నా స్వరం. పాట మధ్యలో పరాయివాడు తలుపు తోసుకొచ్చినట్టుంది. ఆయన చేతులు ఎత్తేశాడు.

"మళ్ళీ మొదటి నుంచి" అన్నాడు.

"వద్దు" అంది ఖాలా. "ఉండనీ. పెళ్ళిలో నువ్వు ఎక్కడున్నావో పిల్లకి తెలియాలి కదా."

ఆ సోమవారం ముగ్గురూ వెళ్ళిపోయారు. మేము ఎయిర్‌పోర్టుకి పికప్‌లో సామాను వేసుకుని వెళ్ళాం. మట్టి డోలుని ఖాలా విమానంలో ఒళ్ళోనే పెట్టుకుంటానంది.

పెళ్ళి వీడియో హాజీ ఫోనుకి ముక్కలు ముక్కలుగా వచ్చింది. స్టోర్‌లో భోజనం గంటలో ఇద్దరం చూశాం. పెద్ద వాకిలి, స్పీకర్లు, పెళ్ళికూతురి చుట్టూ ఆడవాళ్ళు. ఆర్గన్ మొదలవగానే చప్పట్లు, పాట అందుకున్న గొంతులు, వాటి కింద మా రికార్డింగ్ సగం మునిగిపోయింది. నేను జాగ్రత్తగా ఆపించిన ఫ్రిజ్ చప్పుడు ఉన్నా తెలిసేది కాదు. ఐదో పాటలో ఆ చోటు వచ్చింది. పరాయి స్వరం మోగింది. పెళ్ళికూతురు వంచిన తల చటుక్కున ఎత్తి, నవ్వింది. నవ్వుతూనే చెయ్యి అడ్డం పెట్టుకుంది, కళ్ళకి. పక్కనున్న ఖాలా ఆమె వీపు మీద తాళం వేస్తూనే ఉంది.

హాజీ ఆ ముక్కని మళ్ళీ పెట్టాడు. మూడోసారి కూడా పెట్టాడు. తర్వాత ఫోను జేబులో పెట్టుకుని, నాకు టీ పోశాడు.

ఏడాది తిరిగాక హాజీకి ఫైనల్ ఎగ్జిట్ వచ్చింది. ఆయన స్టోర్‌లోకి ఒక సౌదీ కుర్రాడు వచ్చాడు. హాజీ రెండు వారాలు పక్కన కూర్చుని ఏ పార్టు ఏ డబ్బాలో ఉందో ఓపిగ్గా నేర్పాడు. నన్ను పరిచయం చేస్తూ ఈయన బాష్ ముహందిస్ అన్నాడు, ఆ కుర్రాడు నా మాట వస్తే ఇప్పటికీ అలాగే అంటాడని విన్నాను. ఆర్గన్‌కి చెక్కపెట్టె అన్న కొట్టించాడు, ఓడలో పంపడానికి.

పెట్టె మూసే ముందు శుక్రవారం హాజీ ఆర్గన్ మూత ఎత్తి నన్ను పిలిచాడు. ఆయన చేతిలో ఊదారంగు సీసా ఉంది, పిల్ల వదిలేసి వెళ్ళింది.

"నల్లమెట్ల ఐదింటికీ చుక్కలు పెట్టు" అన్నాడు.

"అవి నా తప్పు హాజీ. అలాగే బిగించేస్తే ఎలా? అక్కడ తంబూర్ వాయించేవాళ్ళు ఎవరైనా ఉంటే మళ్ళీ కలపొచ్చు."

"ఉంటే కలుపుతారు. చుక్క పగలగొట్టడం ఎంతసేపు, నువ్వు పగలగొట్టలేదూ?" సీసా నా చేతిలో పెట్టాడు. "కానీ మూత తీసినవాడికి, దీన్ని ఎవరో కావాలని ఇక్కడ పెట్టారని తెలియాలి. తెలిస్తే ముందు అడుగుతాడు."

సీసాలో రంగు అడుగున గడ్డకట్టి ఉంది, బ్రష్ ఎండిపోయింది. వర్క్‌షాప్ సంచిలోంచి థిన్నర్ తీసి రెండు చుక్కలు వేసి కదిపాను. చుక్కలు పెట్టే ముందు కౌంటర్ తగిలించి, ఐదు స్వరాలూ అవి ఎలా ఉన్నాయో అలాగే ఫారం వెనక రాసుకున్నాను. ఏడాదిలో కొంచెం జరిగాయి. సరిచేయలేదు.